టైర్లో గాలికి రోషం

మా మామ తిరుమణిలో చేనంతా సోలార్ పార్కుకు లీజుకిచ్చినాడు. అయినా రోజూ టైర్లకు రాయి మాదిరి గాలి పట్టించి, బైకులో పోయి, కంచె బయట నిలబడి, పైరు చూసుకున్నట్టు ప్యానెళ్లను చూసుకుంటాడు. నీడంటూ ఉంటే ఆ ప్యానెళ్ల కిందే. దానికి గేటు, గేటుకు తాళం. మామా బైకూ ఎండలోనే.

ఒకరోజు నేనూ వెంట పోయినాను. మధ్యాహ్నానికి వెనక టైరు ఢామ్మని పేలింది. హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి, నోరు ఊరుకుంటుందా? "వేడెక్కే కొద్దీ లోపలి గాలి అణువులు జోరుగా పరిగెత్తి టైరును గట్టిగా గుద్దుతాయి మామా" అని పాఠం ఎత్తుకున్నాను.

మామకు ఒళ్లు మండింది. "ఈ మాత్రం ఎండకే అంత రోషమా? మేమూ ఇన్నేండ్లుగా ఈ ఎండలోనే ఉండాము. కంచెను ఒక్కసారన్నా గుద్దినామాప్పా?"