వంటింట్లో కుట్టుమిషన్

“నువ్వు నడుస్తుంటే చప్పుడెందుకు రాదమ్మా?”

అడిగినవాడు రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజినీరు. అడిగించుకున్నది అక్కడ గదులు తుడిచే మనిషి. మెచ్చుకోలుగా అడిగిన మాట కాదు. లోపల రికార్డింగ్ జరుగుతున్నప్పుడు తలుపు మీద ఎర్రలైటు వెలుగుతుంది, అప్పుడెవరూ లోపలికి రాకూడదు. ఆమె లైటు చూసుకోలేదు. బకెట్టుతో సహా వచ్చి, గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, మూల తుడిచి వెళ్ళిపోయింది. దోమ వాలినా పసిగట్టే మైకు ఆమెను పట్టుకోలేకపోయింది. తిడదామని పిలిచినవాడు రికార్డింగ్ మరోసారి విని, తిట్టడం మరిచిపోయి ఆ మాట అడిగాడు.

“అలవాటు సార్” అందామె.

ఆ అలవాటు అర్థం కావాలంటే వాళ్ళ ఇల్లు చూడాలి. ముందు గది భర్త టైలరింగ్ షాపు. దాని వెనక పడకగది, దాని వెనక వంటిల్లు, ఆ వెనక గడియ బిగుసుకుపోయిన ఒక తలుపు, అవతల సందు. గదులన్నీ రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. టైలరు మిషన్ ముందు కూర్చుంటే ముఖం వీధివైపు, వీపు ఇంటివైపు. కళ్ళు గిరాకీకి, చెవులు పెళ్ళానికి. గిన్నె కాస్త గట్టిగా పెడితే “ఎవరి మీదే ఆ కోపం?” అంటూ లేచి వచ్చేవాడు. కాసేపు ఏమీ వినబడకపోతే “ఏం చేస్తున్నావే అక్కడ?” అంటూ లేచి వచ్చేవాడు. చప్పుడైతే కోపం, కాకపోతే అనుమానం. ఈ రెంటికీ మధ్య ఎక్కడో సన్నటి సందు ఉంటుంది, పెళ్ళైన నాటి నుంచీ ఆమె కాపురం ఆ సందులోనే. గిన్నెలు మోగాలి, కానీ మెత్తగా మోగాలి. పాదాలు మాత్రం అసలే వినబడకూడదు.

అతను లేచి వచ్చినప్పుడు చేతిలో గుడ్డ కొలిచే చెక్క స్కేలు ఉండేది. ముఖం జోలికి వెళ్ళేవాడు కాదు, నలుగురూ చూస్తారు. ఆమె జాకెట్లు కుట్టేది కూడా అతనే. చేతులన్నీ మోచేతి దాకా కుట్టేవాడు, దెబ్బలన్నీ ఆ లోపలే వేసేవాడు.

వీధిలో అతనికి నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఆమె సొంత అక్కకి కూడా మరిదంటే గురి. తాగడు, తిరగడు, చేతిలో పనుంది, కాస్త సర్దుకోవే అని ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేది. ఈ సర్దుకోవడం అనే మాటను మన ఇళ్ళలో మందులా పంచిపెడతారు. బట్టలైతే బీరువాలో సర్దుకోవచ్చు. దెబ్బలు సర్దుకునే అర ఎక్కడుందో అక్క చెప్పలేదు.

స్టూడియో పక్కవీధిలోనే. పొద్దున గేటు దాకా భర్తే దిగబెట్టేవాడు, సాయంత్రం భర్తే వచ్చి తీసుకెళ్ళేవాడు, నెల తిరిగేసరికి జీతమూ భర్తే అందుకునేవాడు. చూసేవాళ్ళకు ఎంత ప్రేమో అనిపించేది. గేటు దగ్గర వాచ్‌మన్‌కి యూనిఫాం ఊరికే కుట్టిపెట్టాడు, అందుకు బదులుగా వాచ్‌మన్ కబుర్లు మోసేవాడు. ఆమె గేటు దాటి అడుగు బయట పెడితే ఆ వార్త ఆమెకంటే ముందు ఇల్లు చేరుతుంది.

అదే రోజుల్లో స్టూడియోకి ఒక సినిమా వచ్చింది. కొట్టే భర్త దగ్గర్నుంచి పారిపోయే భార్య కథ, థ్రిల్లరు. డబ్బు ఎంత తక్కువంటే, హీరోయిన్‌కి అన్నగా వేసినతనే మీసం తీసేసి డాక్టరుగా కూడా వేశాడు. కథంతా ఒకే ఇంట్లో జరుగుతుంది, ఆ ఇల్లు దర్శకుడి మేనమామది. సినిమాలో వినబడే అడుగుల చప్పుళ్ళు చాలావరకు తర్వాత కలిపేవే. చిన్న గదిలో ఇసుక, బండలు, చెక్కలు పరిచి, తెర మీద బొమ్మను చూస్తూ ఒక మనిషి ఆ అడుగులు వేస్తే మైకు పట్టుకుంటుంది. ఎప్పుడూ వేసే అతను అడిగిన కూలి విని నిర్మాత గుండె పట్టుకున్నాడు. ఇంజినీరుకి తుడిచే మనిషి గుర్తొచ్చింది. పాదాల మీద అంత అదుపున్న మనిషి చప్పుడు చెయ్యడం మాత్రం నేర్చుకోలేదా అనుకున్నాడు.

నేర్చుకోవడం అంత తేలిక కాలేదు. హీరోయిన్ చెప్పులు వేసుకుని పరిగెత్తమంటే, ఆమె పరిగెత్తింది, మైకులో ఏమీ పడలేదు. దర్శకుడు కుర్రాడు, ఓపిక తక్కువ.

“అక్కా, ఆవిడ ప్రాణం అరచేతిలో పెట్టుకుని పారిపోతోంది. నువ్వేమో పూలు కోసుకోవడానికి వెళ్తున్నట్టున్నావ్. గట్టిగా తొక్కు.”

“పారిపోయేది చప్పుడు చేస్తుందా బాబూ?”

“చెయ్యదమ్మా” అన్నాడు ఇంజినీరు అవతలి నుంచి. “కానీ చప్పుడు లేకపోతే జనం స్పీకరు పాడైందనుకుంటారు.”

అతను చెప్పిందే నిజం. సినిమాకు కావలసింది ఆమె జీవితం కాదు, అడుగుల చప్పుడు. పాదం నేలకు కొట్టడానికి ఆమెకు ఆ రోజంతా పట్టింది. ఆ తర్వాత ఆపడం కష్టమైంది. భోజనాల వేళ కూడా బండల మీద తక తక నడుస్తుంటే స్టూడియోలో అందరూ నవ్వి, అడుగులక్క అని పేరు పెట్టారు. సినిమాలో భర్త బూటు అడుగులు కూడా ఆమే వేసింది, పెద్ద బూట్లలో గుడ్డలు కుక్కుకుని. అవి మొదటిసారికే కుదిరిపోయాయి. ఎలా కుదిరాయని ఎవరూ అడగలేదు.

కూలిలో సగం చేతికిచ్చారు. ఆ సగం గురించి ఇంట్లో చెప్పలేదు. టైలరు ఇంట్లో దిండ్లు కత్తిరింపు పీలికలతో నింపుకుంటారు కదా, తన తలకింది దిండులో పీలికల మధ్య దాచింది.

వాచ్‌మన్ ఊరుకుంటాడా? మీ ఆవిడ లోపల ఇంజినీరుతో తెగ నవ్వుతోందని కబురు మోశాడు. ఆ పూట స్కేలు విరిగింది. ఆ నెలాఖరుతో పని మానెయ్యాలని తీర్పు కూడా వెలువడింది. ఇక ఆ తర్వాత ఆ రైలుపెట్టెల్లోంచి బయటికి దారి లేదని ఆమెకు తెలుసు. పనికి వెళ్ళిన ఆఖరి రోజు ఇంజినీరు దగ్గర నిలబడి ఒకటే అడిగింది.

“అన్నా, నేను లేకపోయినా నా చప్పుడు ఉంటుందా?”

అతను ఆమె ముఖం చూశాడు, చెయ్యి చూశాడు. ఎందుకని అడగలేదు. సొరుగులోంచి పాత ఫోను తీసి, రికార్డు చెయ్యడం, వినిపించడం చూపించాడు. మైకు చేతికి ఎంత దూరంలో ఉండాలో, గిన్నెల దగ్గర ఎంత తగ్గించాలో చెప్పాడు.

“అన్నీ వరసగా చెయ్యకు. మధ్యమధ్య ఆగు. మనుషులు ఆగుతారు” అన్నాడు.

ఆమె చెప్పినట్టే చేసింది. మధ్యాహ్నాలు టైలరు షాపులో కుట్టుకుంటుంటే, వంటింట్లో ఫోను పెట్టి అంట్లు తోమింది, కూర తరిగింది, చీపురు వేసింది, గాజులు గలగలలాడించింది, మధ్యమధ్య ఆగింది. వెనక తలుపు గడియకు రోజూ కాస్త నూనె పట్టించింది. ఆ నూనె కూడా భర్తదే, మిషన్‌కి వేసే నూనె. మిషన్ ఎంత మెత్తగా తిరిగేదో గడియ అంత మెత్తగా జరగడం మొదలెట్టింది.

అనుకున్న రోజు మధ్యాహ్నం షాపుకి పొడుగు మనిషి ఒకడు వచ్చాడు. బ్యాంకులో గుమాస్తా, కొత్త ప్యాంటుకి కింద మడత పెట్టించుకోవాలి. లోపల ఆమె ఫోను నొక్కి బియ్యం డబ్బా వెనక పెట్టింది. అంట్లు మోగడం మొదలైంది. దిండులో డబ్బు తీసుకుంది, కూరగాయల సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుంది, చెప్పులు చేత్తో పట్టుకుంది. గడియ తీసి మెట్టు దిగింది.

అక్కడ ఆగిపోయింది. షాపులో మిషన్ ఆగింది, గుమాస్తా కాళ్ళ దగ్గర గుండుసూదులు గుచ్చడానికి టైలరు లేచినట్టున్నాడు. కానీ వంటింట్లో మిషన్ ఆగలేదు. అంట్ల చప్పుడు వెనక, బియ్యం డబ్బా వెనక, టకటకా టకటకా తిరుగుతూనే ఉంది.

ఆమె అంట్లు తోమిన మధ్యాహ్నాలన్నీ అతను కుట్టిన మధ్యాహ్నాలే. ఆమె చప్పుళ్ళతో పాటు అతని మిషన్ కూడా ఫోనులోకి వెళ్ళింది. ఆ మాట ఇంజినీరు చెప్పలేదు, బయటి చప్పుడు రాని మెత్తటి గోడల మధ్య బతికేవాడికి అది తోచదు. ఆమెకూ తోచలేదు, ఏళ్ళ తరబడి ఆ మిషన్ పక్కన బతికిన చెవికి అది వినబడటం ఎప్పుడో మానేసింది.

వెనక్కి వెళ్ళి ఫోను ఆపేసి, గడియ పెట్టి, అంట్ల ముందు కూర్చోవచ్చు. ఇంకోరోజు చూసుకోవచ్చు. సర్దుకోవచ్చు. మెట్టు మీద ఆ లెక్కంతా వేసుకునే ఉంటుంది. చెప్పులు కింద వేసి కాళ్ళు దూర్చింది. దూర్చి, పరిగెత్తింది. హీరోయిన్ కోసం నేర్చుకున్న పరుగే. సందు పొడవునా చెప్పులు టపటపా మోగాయి. ఆ చప్పుడు అతనికి వినబడిందో లేదో ఆమె ఆగి వినలేదు.

లోపల ఏం జరిగిందో తర్వాత వీధంతా చెప్పినవాడు గుమాస్తా. వంటింట్లోంచి మిషన్ చప్పుడు వినబడగానే టైలరు ముందు తన మిషన్‌నే చూశాడట. చక్రం మీద చెయ్యి పెట్టాడట. చక్రం కదలడంలేదు, చప్పుడు మాత్రం వస్తోంది. బెల్టు తీసి చూశాడట, కింద పెడల్ చూశాడట. “ఏమే, ఏమిటా చప్పుడు?” అని కేకేశాడట. జవాబుగా గాజులు గలగలమన్నాయట. అతను లోపలికి వెళ్ళబోతే గుమాస్తా ఆపాడట, “కాలినిండా సూదులు గుచ్చి ఎక్కడికయ్యా పోతావ్? ముందు ఇవి తీసెయ్యి” అని. కావాలని ఆపలేదని గుమాస్తా ఒట్టేసి చెబుతాడు. ఆ వీధిలో ఆమెకు సాయం చేసినవాడు ఒక్కడే, వాడికీ ఆ సంగతి తెలియదు.

అక్క ఇంటికి వెళ్ళలేదు. వేరే ఊళ్ళో లేడీస్ హాస్టల్లో వంట చేసే పిన్ని దగ్గరికి వెళ్ళింది. బస్సు చార్జీ దిండులో డబ్బే. పిన్ని ఆమెను చూసి ఎందుకొచ్చావనలేదు, ఏడవలేదు. “తలుపు గడియ పెట్టి రా, కూర మాడిపోతోంది” అంది. ఇంత మంచి పలకరింపు ఈ కథలో ఇంకొకటి లేదు.

టైలరు ముందు స్టూడియో మీద పడ్డాడు. ఇంజినీరు ఎర్రలైటు వేసి, రికార్డింగ్ జరుగుతోంది, లోపలికి రాకూడదన్నాడు. ఆ రోజు సాయంత్రం దాకా లైటు ఆర్పలేదు. తర్వాత బంధువులు హాస్టల్‌కి వచ్చారు, అక్క ముందు నడిచింది. మారాడే, అన్నం కూడా తినడంలేదే అంది. “వండుకోవడం నేర్చుకోమను” అని ఈమె లోపలికి వెళ్ళిపోయింది. విడాకుల కేసు నడుస్తోంది. కేసు నడక గురించి చెప్పుకోవలసిందేమీ లేదు, దానికి ఆమె పాత అలవాటు అబ్బింది, కదులుతున్నట్టు ఎక్కడా వినబడదు.

సంగతి తెలిసి దర్శకుడు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. సినిమా చివర మార్చేసి ఆ మిషన్ చప్పుడు పెడదామన్నాడు. జనం నమ్మరని నిర్మాత కొట్టిపారేశాడు. అందుకని హీరోయిన్ భర్తను పూలకుండీతో కొట్టి పారిపోయింది.

ఇప్పుడామె హాస్టల్లో పిన్నితో కలిసి వండుతుంది. సినిమాల పని ఉన్నప్పుడు ఇంజినీరు పిలిస్తే వెళ్ళి అడుగులు వేసి వస్తుంది. హాస్టల్ మెట్లు దిగేటప్పుడు ఆమె చెప్పుల చప్పుడుకి చదువుకునే పిల్లలు విసుక్కుంటారు. ఏనుగులా ఏంటక్కా ఆ నడక అంటారు.

సినిమా రెండు హాళ్ళలో ఆడి వెళ్ళిపోయింది. అడుగుల కూలిలో రెండో సగం నిర్మాత ఇంకా ఇవ్వలేదు.