సత్యమూర్తి గారు ఎంచిన ఫ్రేమ్

మొన్న ట్రాయ్‌లో మా ఇంటి దగ్గరి మెకానిక్ షాపులో కూర్చుని ఉండగా, లోపల ఎవరో తుప్పు పట్టిన బోల్టు మీద నూనె స్ప్రే చేశారు. కిరసనాయిలును తలపించే ఘాటైన వాసన. మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి, ఇక్కడి బళ్ళ అడుగున ఏ బోల్టూ ఆ నూనె లేకుండా ఊడి రాదు. నా పక్కన కూర్చున్నవాళ్ళు తలెత్తకుండా ఫోన్లు చూసుకుంటున్నారు. నేను మాత్రం లేచి బయటికి వచ్చి, చలిలోనే పార్కింగ్‌లో కాసేపు నిలబడ్డాను. ఆ వాసన తగిలితే నాకు సత్యమూర్తి గారి గ్యారేజీ గుర్తొస్తుంది. గుర్తొచ్చిన ప్రతిసారీ ఏదో తప్పు చేసి పట్టుబడ్డట్టుగా ఉంటుంది.

ఆయన్ని మీరెవరూ ఎరగరు. ఎప్పుడో డెబ్బైలలో తెనాలి నుంచి వచ్చి, డెట్రాయిట్ దగ్గర ట్రక్కులు తయారుచేసే ఒక కంపెనీలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఫ్రేములు డిజైన్ చేసి రిటైరైన ఇంజనీరు. ఫ్రేమ్ అంటే ట్రక్కు అడుగున ముందు నుంచి వెనక దాకా సాగే రెండు పొడవాటి ఉక్కు పట్టాలు, వాటిని కలిపే అడ్డ కమ్ములు. ఇంజను, క్యాబిన్, చక్రాలు అన్నీ దానికే బిగించి ఉంటాయి. నేను ఆయన్ని మొదట చూసింది ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం భోజనాల దగ్గర. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు, ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. మనిషి పొడుగ్గా, ఎండిపోయినట్టు ఉన్నారు. పళ్ళెంలో పులిహోర కెలుకుతున్నారు తప్ప తినడం లేదు.

“నువ్వేం చేస్తావమ్మా?” అన్నారు.

“ఫ్రేముల స్ట్రెస్ అనాలిసిస్ అంకుల్. అంతా కంప్యూటర్ మీద.”

“ఎప్పుడైనా ఫ్రేమ్ కింద పడుకుని చూశావా?”

లేదన్నాను. “అయితే శనివారం మా ఇంటికి రా. పాత బట్టలు వేసుకుని రా” అని లేచి వెళ్ళిపోయారు. ఆ ఇంటావిడ నా చెవిలో చెప్పింది: ఎనిమిది నెలల క్రితం ఆయన ఒక్కగానొక్క కొడుకు కిరణ్ హైవే మీద ట్రక్కు బోల్తాపడి పోయాడనీ, అప్పట్నుంచి ఆయన ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడలేదనీ.

శనివారం వెళ్ళాను. గ్యారేజీ నిండా ఒకే ఒక్క బండి. నాలుగు తలుపుల పాత పికప్ ట్రక్కు, యాభై ఏళ్ళ నాటిది, వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు. ముందుభాగంలో ఇంజను లేదు. అది కిరణ్‌ది కాదు. ఉత్తరాన గంట దూరంలో గడ్డి పండించే రే అనే రైతుది. వాళ్ళ నాన్న అప్పట్లో కొత్తది కొన్న బండి. పెట్రోలు ఇంజను అరిగిపోతే, గడ్డిమోపుల ట్రెయిలర్ లాగడానికి డీజిల్ ఇంజను పెట్టించాలని రే దాన్ని కిరణ్ నడిపే మెకానిక్ షాపులో ఇచ్చాడు. కిరణ్ పని మొదలుపెట్టాడు, పూర్తిచేయలేదు. అంత్యక్రియలయ్యాక రే మొహమాటపడుతూ వచ్చి బండి తీసుకుపోతానంటే, “ఉంచు. మా వాడు ఒప్పుకున్న పని. నేను చేసి ఇస్తాను” అన్నారట సత్యమూర్తి గారు.

“డీజిల్ ఇంజను మామూలుదానికన్నా ముగ్గురు మనుషులంత బరువెక్కువ. పైగా ట్రెయిలర్ లాగేటప్పుడు ఫ్రేమ్‌ని మెలితిప్పుతుంది. కాబట్టి ముందు తేల్చాల్సింది ఇంజను సంగతి కాదు, ఫ్రేమ్ సంగతి” అంటూ నా చేతికి టార్చి ఇచ్చారు. “ఉన్న ఫ్రేమ్‌కి బలం చేర్చి దీన్నే వాడటం ఒక దారి. డీజిల్ కోసమే తయారైన కొత్తకాలం ట్రక్కు ఫ్రేమ్ తెచ్చి, దాని మీద ఈ క్యాబిన్ కూర్చోబెట్టడం ఇంకో దారి. దీనికి కిరణ్ కొంత బలం చేర్చాడు. వాడి వెల్డింగ్ చూడు. ఇది ఆగుతుందా?”

చల్లటి సిమెంటు మీద వెల్లకిలా పడుకుని చూశాను. స్టీరింగ్ బిగించే చోట, పాత పగులు మీద కిరణ్ ఒక ఉక్కు ప్లేటు వేసి అతికాడు. అతుకు చూడ్డానికి ఎంత అందంగా ఉందో! పూసలు గుచ్చినట్టుంది. కానీ ప్లేటు చివరను నిలువుగా తెగ్గోసి, పట్టా అంచుకు అడ్డంగా వెల్డ్ చేశాడు. అలా చేస్తే బరువంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది. అక్కడే విరుగుతుంది. ఏటవాలుగా కోసి ఉంటే బరువు పంచుకునేది. చదువుకున్న ఎవరికైనా తెలిసే విషయమే. ఆయనకి తెలియదా? ఇంజను లేని ఖాళీలోంచి నావైపు చూస్తున్న ఆయన మొహం చూశాను.

“పర్లేదంకుల్. ఇంకొంచెం బలం చేరిస్తే సరిపోతుంది” అన్నాను.

“ఇదే డ్రాయింగ్ మీ ఆఫీసులో నీ టేబుల్ మీదకొస్తే ఏం రాస్తావు?” అన్నారు ఆయన.

నేను బండి కిందనుంచి బయటికి రాలేదు. “ఫెయిల్ అని రాస్తాను” అన్నాను.

“మరి ఇక్కడెందుకు పాస్ చేశావు? నా మీద జాలి, అంతేగా?” గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది. “వాడి ట్రక్కు కూడా సరిగ్గా ఇక్కడే విరిగింది. ఇలాంటి అతుకు దగ్గరే. స్టీరింగ్ ఊడి చేతికొచ్చింది. నువ్వు నా మీద జాలిపడి చెప్పిన మాట మీద రేపు రే కొడుకు కూర్చుని స్కూలుకి వెళ్తాడు. అది గుర్తుపెట్టుకుని ఇంకోసారి చెప్పు.”

“ఆగదంకుల్” అన్నాను.

“ఆఁ” అన్నారు. ఆ తర్వాత ఆ ఫ్రేమ్‌ని వాడే ఊసు మా మధ్య మళ్ళీ రాలేదు.

వేరే ఫ్రేమ్ కోసం వెతుకులాట మొదలైంది. మిషిగన్ ఫ్రేముల్ని ఉప్పు తినేసి ఉంటుంది, పొడి నేల మీద తిరిగిన బండి కావాలన్నారు. టెక్సాస్‌లో, ఫ్రిస్కోకి గంట దూరంలో పాత బళ్ళు విప్పి అమ్మే యార్డ్‌లో రెండు ఉన్నాయని తెలిసింది. వాళ్ళు ఫోటోలు పంపారు. నేను వాటిని పెద్దవి చేసి చూపిస్తుంటే ఆయన అసలు చూడలేదు. “టికెట్లు బుక్ చెయ్యి” అన్నారు. అప్పటికే గుండెకి మందులు వాడుతున్నారు. రెండు మెట్లెక్కితే ఆయాసం. అయినా ఇద్దరం వెళ్ళి, ఫ్రిస్కోలో మా పిన్ని కూతురి ఇంట్లో దిగి, పొద్దున్నే అద్దె కారులో యార్డ్‌కి వెళ్ళాం.

రెండు ఫ్రేముల్లో ఒకటి కొత్తగా నల్లరంగు వేసి మెరిసిపోతోంది. రెండోది దుమ్ము పట్టి, పైపైన ఎర్రబారి ఉంది. వడగళ్ళ వానకి ఒళ్ళంతా సొట్టలు పడితే ఇన్సూరెన్స్ కంపెనీ వదిలేసిన డీజిల్ ట్రక్కుది. యార్డ్ మనిషి రంగు వేసినదాన్నే పొగుడుతున్నాడు. సత్యమూర్తి గారు దాని దగ్గరికి కూడా వెళ్ళలేదు. దుమ్ము పట్టినదాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వైర్ బ్రష్‌తో జానెడు జానెడు రుద్దుతూ మొత్తం చూశారు. మూల నుంచి మూలకి నాచేత టేపు పట్టించారు. అటూ ఇటూ కొలత ఒకటే వచ్చింది, అంటే ఎక్కడా వంకర పోలేదు. ఎండ మాడ్చేస్తోంది. నీళ్ళు ఇవ్వబోతే వద్దన్నారు.

“ఆ నల్లది కూడా బాగానే ఉందేమో కదంకుల్?” అన్నాను.

“ఉండొచ్చు. రంగు వేసినవాడు దోషం దాచాడని నేననను. దాచాడో లేదో నాకు తెలిసే దారి లేకుండా చేశాడు.” ఆయన ఫ్రేమ్‌ని పట్టుకుని లేచారు. “ఇది తీసుకుందాం.”

తిరుగుదారిలో నేను డ్రైవ్ చేస్తున్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టారు. కిరణ్ ఇంజనీరింగ్ మూడో ఏట మానేసి షాపు పెట్టాడనీ, అప్పట్నుంచి నాలుగేళ్ళు కొడుకుతో సరిగ్గా మాట్లాడలేదనీ.

“మూడుసార్లు ఫోన్ చేశాడమ్మా. వాడి ట్రక్కు పని చేసుకుంటున్నప్పుడు. ‘డాడీ, నువ్వు షాప్‌కి రా. ఫ్రేమ్ చూడు. నాకు భయం ఉంది’ అన్నాడు. ఇక్కడ పుట్టిన పిల్లాడు, వాడికొచ్చిన తెలుగు అంతే. ఆ ముక్క కూడా నన్ను మంచి చేసుకోవడానికే తెలుగులో అన్నాడు. ‘చదువు మానేసి రెంచి పట్టుకున్నావుగా, నువ్వే చూసుకో’ అన్నాను. మూడుసార్లూ అదే అన్నాను. వాడి షాపు మా ఇంటికి పదిహేను నిమిషాలు. ప్లేటు చివర ఏటవాలుగా కొయ్యరా అని ఫోన్‌లో చెప్పినా సరిపోయేది. కంపెనీలో కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పేవాణ్ణి. ఊరందరి పిల్లలకీ చెప్పాను.”

‘మీ తప్పేం లేదంకుల్’ అనే మాట నోటిదాకా వచ్చింది. ఎవరైనా అంటారు. అది నిజం కాదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. అందుకని అనలేదు. ఏదో ఒకటి అని ఉండాల్సిందని తర్వాత చాలా రోజులు బాధపడ్డాను. ఏమనాలో మాత్రం ఇప్పటికీ తట్టలేదు.

టెక్సాస్ నుంచి లారీలో ఫ్రేమ్ వచ్చింది. పాతదాన్ని విప్పి గ్యారేజీ ముందు పడేశాం. దాన్ని తునాతునకలు చేసి పాత ఇనుముకి వేసేద్దామన్నారు, రే కూడా సరేనన్నాడు. ఆయన రంపం మిషను ఆన్ చేసిన కాసేపటికి ఇంట్లోంచి ఆయన భార్య శారద ఆంటీ వచ్చింది. అన్ని నెలల్లో ఆవిడ గ్యారేజీ వైపు రావడం అదే మొదలు. నేను వెళ్ళినప్పుడల్లా నాకు కాఫీ ఇచ్చేది కానీ, ఆయనతో మాట్లాడగా నేను వినలేదు.

“వాడు పిలిచినప్పుడు షాపు దాకా వెళ్ళడానికి కాళ్ళు రాలేదు మీకు. వాడి చేతిపని కొయ్యడానికి మాత్రం వచ్చాయా?”

ఆయన మిషను ఆపారు. “ఇది ఉంటే ఎవరో ఒకరు తీసుకెళ్ళి వాడతారు శారదా. ఎవరి చేతికీ పోకూడదు.”

“నాకివ్వండి. నేనేం బండికి బిగిస్తానా?”

ఆంటీ లోపలికి వెళ్ళిపోయింది. ఆయన పని మళ్ళీ మొదలుపెట్టి, ఫ్రేమ్ మొత్తం ముక్కలు చేశారు. చివరికి కిరణ్ అతుకున్న చోట చేతిలో పట్టేంత ముక్క ఒకటి విడిగా కోసి, దాని అంచులు ఆకురాయితో అరగదీస్తూ కూర్చున్నారు. నేను చేస్తానంటే ఇవ్వలేదు. గంటసేపు అరగదీశారు. వేలితో తడిమి చూసి, గరుకు తగిలితే మళ్ళీ రుద్దారు, ఆవిడ చెయ్యి తెగకూడదని. తీసుకెళ్ళి వంటింటి గట్టు మీద పెట్టారు. ఆంటీ దాన్ని కొంగుతో తుడిచి కిరణ్ గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. ఆయన కాసేపు చూసి, చేతులు కడుక్కుని వచ్చారు.

బండి పూర్తవడానికి దాదాపు ఏడాది పట్టింది. రే వచ్చిన రోజు ఎండగా ఉంది. సత్యమూర్తి గారు తాళాలిచ్చే ముందు ఆ వయసులో, ఆ ఆయాసంతో, మరోసారి బండి కింద పడుకుని అన్ని బోల్టులూ చూసుకున్నారు. పక్కన కూర్చోండి, ఒక చుట్టు తిరిగొద్దామని రే ఎంతో బతిమాలాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. ట్రక్కు వీధి మలుపు తిరిగాక గ్యారేజీ ఖాళీగా, చాలా పెద్దగా కనిపించింది.

“అయిపోయింది కదంకుల్” అన్నాను.

“బండి అయిపోయింది” అన్నారు.

ఆ శీతాకాలంలోనే ఆయన గుండె ఆగిపోయింది. అంత్యక్రియలకి రే ఆ ట్రక్కులోనే, కొడుకుని వెంటపెట్టుకుని వచ్చాడు. కిటికీలోంచి దాన్ని చూసి ఆంటీ నన్ను, “అదేనా?” అని అడిగింది. అవునన్నాను. “బాగా నడుస్తోందా?” అంది. నడుస్తోందట ఆంటీ అన్నాను. తల తిప్పుకుంది. అంతకుమించి ఏదో జరుగుతుందని నేను ఎదురుచూశాను కానీ, ఏమీ జరగలేదు.

నాకు నేపర్‌విల్‌లో ఒక తమ్ముడున్నాడు, శ్రీను. ఐటీ ఉద్యోగం వదిలేసి టిఫిన్ హోటల్ పెడుతున్నాడని నాకు వాడి మీద కోపం. “అక్కా, ఒకసారి వచ్చి చూస్తావా?” అని వాడు మెసేజ్ పెట్టి మూడు వారాలైనా నేను జవాబివ్వలేదు. అంత్యక్రియల మర్నాడు పొద్దున్నే కారు తీశాను. దాదాపు ఐదు గంటల ప్రయాణం. వాడు తలుపు తీసి నన్ను చూసి నిర్ఘాంతపోయాడు. వంటగదంతా తిప్పి చూపించాడు, ఎంత సంబరంగానో. గ్యాస్ పైపు పాతది, జాయింట్ల దగ్గర వాసన వస్తోంది. కౌంటరు మీద కొత్త రంగు, గోడకి అమ్మ ఫోటో. వాడి మొహం చూస్తూనే చెప్పాను.

“ఈ లైను మార్చకుండా తెరవకూడదురా.”

“శుభమా అని మొదలుపెడుతుంటే ఇదా నువ్వు చెప్పేది? ఇందుకా వచ్చావు?” అన్నాడు. భోజనం పెట్టలేదు. ఆ సాయంత్రమే తిరిగొచ్చేశాను. వాడు రెండు నెలలు ఫోన్ ఎత్తలేదు. పైపు మాత్రం మార్పించాడట, అందువల్ల తెరవడం ఆలస్యమైంది. హోటల్ సరిగ్గా నడవలేదు, ఏడాది తిరక్కుండానే మూసేశాడు. ఆ కసి కొంత నా మీద ఇప్పటికీ ఉంది. మాట్లాడితే పొడిపొడిగా మాట్లాడతాడు. సత్యమూర్తి గారి దగ్గర నేర్చుకున్నది నాకు సుఖమేమీ ఇవ్వలేదు, ఆఫీసులోనూ నన్ను కలుపుకుపోయే మనిషి అనరు. ఆయన నోటితో నేర్పింది సగం. తను చేయలేకపోయి నేర్పింది మిగతా సగం.

నిన్న శ్రీను ఫోన్ చేశాడు. ఏదో పాత వ్యాను బేరమాడుతున్నాడట, అందులో టిఫిన్లు ఊరూరా తిప్పి అమ్ముతాడట. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, ఇక పెట్టేస్తాడనగా, “వస్తావా?” అన్నాడు. రేపు పొద్దున్నే బయలుదేరుతున్నాను.