గూడు జారిపోనాది

నాకు రాయడం అలవాటు లేదు. తప్పులుంటే క్షమించండి. నిన్న మా కరెంటు మీటరు మీద పిచ్చుక గూడు చూశాక ఇది రాయాలనిపించింది.

నాకప్పుడు ఆరేళ్లు. భావనపాడులో మా ఇంటి చూరులో ఉన్న పిచ్చుక గూడుని కర్రతో పొడిచి పడేశాను. కాసేపటికే, పడవ లాగుతూ పడిపోయిన నాన్నని ఇంటికి మోసుకొచ్చారు. ఎముకలు సరిచేసే ముసలాయన వచ్చి నాన్న భుజం తడిమాడు.

"గూడు జారిపోనాది" అన్నాడు.

నేను గూడు పడేసిన సంగతి ఈయనకెలా తెలిసింది?

"సెయ్యి వస్తాదా మావా? సముద్రానికెల్లకపోతే ఎలాగ బతుకుతాం?" అంది అమ్మ.

"ఊరుకోయే. గూడు మల్లీ సోట్లో కూకుంటే వస్తాది."

నేను బయటికి పరిగెత్తి, బిందె బోర్లించి ఎక్కి, గూడుని చూరులో పెట్టాను. అది నిలవలేదు. రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. లోపల నాన్న పెద్దగా అరిచాడు. ఇంకా గట్టిగా అదిమాను.

ఎంతసేపటికో అమ్మ వచ్చింది.

"ఒసే, ఏటి సేస్తన్నావే?"

"వదిలితే నాన్న సెయ్యి పడిపోతాదే అమ్మా!"

భుజంలో ఎముక కూర్చునే చోటుని కూడా గూడంటారని అమ్మ ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి నాన్నే వచ్చి, కట్టు కట్టిన చేతి వేళ్లు ఆడించి చూపించాడు. అప్పుడు దిగాను.

ఆ వేళ్లు కదపడానికి ఆయనకెంత నొప్పి పుట్టిందో ఇప్పుడు తెలుస్తోంది.