నోట్లో వక్కపొడి, చేతిలో ప్రశ్నావళి

ఆ రోజుల్లో నాకు నా మీదున్నంత నమ్మకం ఇంకెవరి మీదా ఉండేది కాదు. మానసిక వైద్యంలో పీజీ అప్పుడే పూర్తయింది. గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రి వెనకున్న అద్దాల భవనంలో శిక్షణకు చేరాను. వ్యసనాలకు వైద్యం చేసే డాక్టర్లకు వాటి మీద పరిశోధన చేయడం కూడా నేర్పే శిక్షణ అది. పొద్దున రోగులను చూడాలి. మధ్యాహ్నం నుంచి మనిషిని ప్రశ్న ఎలా అడగాలి, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలి, ఒక వైద్యం నిజంగా పనిచేసిందా, లేక మనకలా అనిపించిందా అన్నది ఎలా తేల్చాలి, ఇవన్నీ నేర్చుకోవాలి. మా పెద్ద మేడమ్ (ఆవిడ మనిషి పొట్టి, గొంతు మాత్రం పొడుగు) మొదటిరోజే చెప్పేశారు: "మందు రాయడం మీకు వచ్చండీ. వినడం రాదు. అది నేర్పడానికే ఇక్కడ కూర్చున్నాను." పక్కవాళ్లకోసం చెబుతున్నారనుకుని నేను తల ఊపాను.

నాకు ఇచ్చిన పని, ఐటీ ఆఫీసులకు తిరిగే క్యాబ్ డ్రైవర్లలో గుట్కా, ఖైనీ, వక్క నమలడం ఎంతుంది, మాన్పించడానికి ఏది పనికొస్తుంది అన్నది తెలుసుకోవడం. నాతోపాటు తిరగడానికి ఒక అన్నను ఇచ్చారు. లింగంపల్లి మనిషి. ఒకప్పుడు తనూ క్యాబ్ నడిపి, పదేళ్లకు పైగా గుట్కా నమిలి, మా దగ్గరే వైద్యం చేయించుకుని మానేసి, ఇప్పుడు మాన్పించే పనిలో ఉన్నాడు. అందరికీ ఆయన అన్నే. పెద్ద మేడమ్ కూడా అలాగే పిలిచేవారు. నేను మాత్రం మనసులో ఆయన్ని దారి చూపించే మనిషిగానే లెక్కేసుకున్నాను. ఎంతైనా నేను డాక్టర్ని కదా!

రాయదుర్గంలో ఒక పెద్ద ఆఫీసు వెనక క్యాబులు ఆగే చోటుకు, ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకుని, ట్యాబ్ పట్టుకుని వెళ్లాను. అడిగిన ప్రతి డ్రైవరూ "లేదు మేడమ్" అనేవాడు. పళ్లు చూస్తే ఇటుక రంగు. "గిట్ల పోలీసోల్ల లెక్క అడిగితే ఎవ్వలు చెప్తరు మేడమ్? జర నవ్వుండ్రి," అన్నాడు అన్న. నవ్వి అడగమని ప్రశ్నావళిలో రాసి లేదని నా సమాధానం. నాలుగో రోజు అక్కడ ఒక డ్రైవరు (బక్కగా, గళ్ల చొక్కాలో ఉంటాడు) నేను అడిగిన ఏడు ప్రశ్నలకూ ఓపిగ్గా లేదు, లేదు అని చెప్పి, చివరకు నా మొహంలోకి వంగి చూశాడు.

"మేడమ్, మీ నోట్లె ఏందది?"

"ఇదా? వక్కపొడండి. తియ్యది. ఇందులో పొగాకు ఉండదు," అన్నాను.

"నాది గూడ తియ్యగనే ఉంటది మేడమ్," అన్నాడతను, చాలా సౌమ్యంగా.

చుట్టూ ఉన్న డ్రైవర్లందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. మా రాజమండ్రి ఇంట్లో భోజనమయ్యాక వక్కపొడి వేసుకోవడం చెయ్యి కడుక్కోవడంలాంటిది. అమ్మమ్మ పెట్టేది. తర్వాత హాస్టల్లో చదువుకునేటప్పుడు పొట్లాల్లో దొరికేది. దాన్నీ గుట్కానీ ఒక గాటన కడతాడా? అని మండిపడుతూ తిరిగొచ్చాను. (నా ట్యాబ్‌లో ఏడో ప్రశ్న "వక్క లేదా వక్కపొడి నములుతారా?" అనే. తెలుగులోకి రాసింది నేనే. నములుతూ రాశాను.)

ఆ మధ్యాహ్నమే మాకు నోటి పరీక్ష నేర్పారు. నేర్పింది నా రూమ్మేటే. కర్నూలు పిల్ల, పళ్ల డాక్టరు, నాతోపాటే శిక్షణలో ఉంది. గోపన్‌పల్లిలో ఇద్దరం ఒక ఫ్లాటులో ఉండేవాళ్లం. ఎవరి నోరు చూపించాలీ అంటే నేనే హుషారుగా లేచి కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా పెద్ద మేడమ్, అన్న, మిగతా డాక్టర్లు.

"నీ మూడు వేళ్లు నిలువుగా పెట్టుకో మే. అవి పడితే నోరు బాగున్నట్ట," అంది నా స్నేహితురాలు.

పెట్టుకోబోయాను. రెండు వేళ్లు దూరాయి. మూడోది పళ్లకు తగిలి ఆగిపోయింది.

"తమాషా చేయొద్దు మే, అందరూ చూస్తాండారు. బాగా తెరువు."

"ఇంతే వత్తోంది," అన్నాను, వేళ్ల సందులోంచి.

నా స్నేహితురాలు లైటు దగ్గరకు లాగి, బుగ్గ లోపల వేలితో తడిమింది. ఆమె మొహంలో నవ్వు పోయింది. వక్క వల్ల బుగ్గ లోపలి పొర బిరుసెక్కి, కారం తగిలితే మండి, నోరు కొద్దికొద్దిగా బిగుసుకుపోయే జబ్బు ఒకటుంది. అశ్రద్ధ చేస్తే కొందరిలో క్యాన్సర్‌కూ దారితీస్తుంది. దాని మీద అంతకుముందు వారమే నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను, బొమ్మలతో సహా. చప్పట్లు కూడా కొట్టారు.

కుర్చీలో కూర్చునే ఉన్నాను. కొన్ని నెలలుగా లింగంపల్లి స్టేషను బయట పానీపూరీ బండివాడితో నేను పెట్టుకున్న తగువు గుర్తొచ్చింది. "పూరీలు మరీ ఇంత పెద్దవి చేస్తే మనిషి నోట్లో ఎలా పడతాయయ్యా?" అని వాణ్ణి ఎన్నిసార్లు కేకలేశానో. పాపం వాడు బుట్టలో వెదికి నాకోసం చిన్నవి ఏరి పెట్టేవాడు. పెరిగింది పూరీ కాదు, తగ్గింది నా నోరు. మనుషుల రోగాలు కనిపెట్టడానికి పదేళ్లు చదివినదాన్ని, అద్దంలో రోజూ చూసుకుంటూ ఇది కనిపెట్టలేకపోయాను.

పెద్ద మేడమ్ తిట్టలేదు. నా ప్రశ్నావళే నా చేతికిచ్చి "నింపండి డాక్టరుగారూ" అన్నారు. రోజుకు ఎన్ని పొట్లాలు అన్నచోట "రెండు" అని రాశాను. అంత భయంలోనూ నా చెయ్యి తనంతట తాను అబద్ధం రాసింది! ఆ సాయంత్రం ఫ్లాటులో నా స్నేహితురాలు చెత్తబుట్టా, నా సంచీ కిందకు బోర్లించి, ఖాళీ పొట్లాలు వరసగా పేర్చి, "ఇవి రెండా మే?" అంది. పదకొండున్నాయి. అవి ఆ ఒక్కరోజువే.

సరే, మానేస్తానన్నాను. మొదటి రెండు రోజులు తలనొప్పి, చిరాకు. మూడోరోజు లిఫ్టు ఆలస్యమైందని లిఫ్టునే తిట్టాను. నాలుగోరోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు. డ్రైవర్లకు చూపించడానికి బజారులో దొరికే రకాలన్నీ ఒక పెట్టెలో, నంబర్లు వేసి, బీరువాలో దాచేవాళ్లం. భోజనాల వేళ అందరూ కిందకు వెళ్లారు. నేను ఒంటరిగా బీరువా ముందు నేల మీద కూర్చుని, నమూనా నంబరు ఆరు, తియ్య వక్కపొడి, తినేశాను. తింటుంటే తలుపు తెరుచుకుంది. అన్న!

ఆయన నా చేతిలో పొట్లం చూశాడు, నా మొహం చూశాడు. అరుస్తాడనుకున్నాను. తలుపు దగ్గరగా వేసి, వచ్చి నా పక్కన నేల మీదే కూర్చున్నాడు.

"నేను మా చెల్లె పెండ్లిల తాళి గట్టేటప్పుడు లేను మేడమ్. ఫంక్షన్ హాల్ ఎనక గోడ సాటుకు గుట్కా తింటున్న. ఫొటోలల్ల నేనొక్కన్నే లేను," అన్నాడు. నా చేతిలో పొట్లం తీసుకుని, "పరేషాన్ గాకుండ్రి. మీరు చెడ్డోల్లయి తినలే. అది గట్లనే తినిపిస్తది," అన్నాడు.

అప్పుడు ఏడ్చాను, బాగా గట్టిగా. ఆ తర్వాత ఇద్దరం కలిసి పెద్ద మేడమ్ గదికి వెళ్లాం. శిక్షణలోంచి తీసేస్తారనే అనుకున్నాను. మొత్తం విని, ఆవిడ రిజిస్టరు నా ముందుకు తోసి రాయమన్నారు: "నమూనా ఆరు పరిశోధకురాలు తినివేసినందున లేదు." కింద సంతకం కూడా పెట్టించారు. పెట్టాక ఆవిడ పెదవులు కదిలాయి. అది నవ్వు అని నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "డ్రైవర్లు అబద్ధం ఎందుకు చెబుతున్నారో పుస్తకాల్లో వెదికారుగా, దొరికిందా? రేపటినుంచి ఆరు వారాలు మీరు అన్న దగ్గర పేషెంటు. ఆ తర్వాతే మళ్లీ ట్యాబ్ ముట్టుకోండి," అన్నారు.

అన్న దగ్గర నేను చెడ్డ పేషెంటుని. ఆలస్యంగా వెళ్లేదాన్ని, సాకులు చెప్పేదాన్ని, మధ్యలో ఒకసారి మళ్లీ తిన్నాను కూడా. నోరు సాగడానికి ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టుకుని కూర్చోవాలి, వారం వారం ఒక పుల్ల పెంచాలి. టైము దొరక్క ఒకరోజు షేర్ ఆటోలోనే పెట్టుకున్నాను. పక్కనున్న పెద్దావిడ నన్ను జాలిగా చూసి, "అయ్యో బిడ్డా, మాట రాదా?" అంది. పుల్లలతో జవాబు ఎలా చెప్పను? "ఆ ఆ" అన్నాను. ఆవిడ నా తల నిమిరి, ఆటో అతనితో "జర మెల్లగ పోనియ్ అయ్యా, మూగపిల్ల ఉన్నది" అని, దిగేదాకా నా చెయ్యి వదల్లేదు. అంత ప్రేమగా చూసుకుంటుంటే పుల్లలు తీసి నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. నా స్టాపు దాటిపోయినా మూగగానే దిగాను.

ఆరు వారాల తర్వాత కోటు లేకుండా రాయదుర్గం వెళ్లాను. గళ్ల చొక్కా డ్రైవరు కనిపించాడు. ప్రశ్నలు తీయకముందే నా సంగతంతా చెప్పేశాను, నమూనా ఆరుతో సహా. ఈసారి అతను నవ్వలేదు. కారు తలుపు తెరిచి, సీటు కింద నుంచి పొట్లాల దండ తీసి నా చేతిలో పెట్టాడు. "మా ఇంట్ల ఎర్కలేదు మేడమ్. నాకు కారం అస్సలు పడ్తలేదు. మీలెక్కనే అయితదా?" అన్నాడు. ఆ మరుసటి రోజు భార్యను తీసుకుని వచ్చి, నా స్నేహితురాలి కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. ఒక్కసారిగా మానలేదు. మానడం, పడడం, మళ్లీ రావడం. కానీ వచ్చేవాడు. అన్న వెంట తిరిగి అతను తోటి డ్రైవర్లను కూడా పంపేవాడు.

నా నోరు మునుపటిలా పూర్తిగా ఎన్నడూ కాలేదు. ఆరు నెలలకోసారి చూపించుకుంటాను, ప్రతిసారీ కొంచెం భయపడతాను. ఇస్త్రీ కోటు వేసుకుని, తనకేమీ లేదని తానే నమ్మి, లోకాన్ని బాగుచేయడానికి బయల్దేరిన ఆ అమ్మాయి అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఎంత ధీమా ఆమెకు! కోపం రాదు, కాస్త బెంగగా నవ్వొస్తుంది. ఇప్పుడు ఆమే రోగిగా నా ముందుకొస్తే ఏం చేస్తానూ? కూర్చోమంటాను. మొదట అబద్ధమే చెబుతుంది. సరే అంటాను. నిజం చెప్పడానికి ఆమెకు కొంచెం టైము పడుతుంది, నాకూ పట్టింది కదా.