నాన్న తిట్లున్న మైకు

అడవి పందులను బెదిరించడానికి మొక్కజొన్న చేలో మైకు పెడతాం. నాన్న నన్ను తిడుతుంటే ఒకసారి దొంగచాటుగా రికార్డు చేసి, ఆ తిట్లనే అందులో ఎక్కించాను. పందులు రాలేదు గానీ, నాన్న కట్టె పట్టుకుని వచ్చాడు.

ఆయన పోయి ఎనిమిది నెలలు. పంట కోసినా మైకు ఆపలేదు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. నిన్నటి వానకు తడిసి ఈ రోజు అదీ మూగబోయింది. ఏన్కూరులో ఫోన్లు బాగుచేసే రఫీ భాయ్ దగ్గరికి ఉరికాను.

"మెమరీ కార్డు ఖరాబైందన్నా. కుక్క అరుపులు ఎక్కిస్త, పందులు జల్దీ ఉరుకుతయ్."

"పందుల సంగతి ఇడిసిపెట్టు భాయ్! అండ్ల మా నాయిన ఉన్నడు."

ఏడ్చేశాను. షాపులోవాళ్లు ఇదీ నా వేషమేనని నవ్వారు.

నాన్న నన్ను మన ఊళ్లో మీ అందరి ముందూ తిట్టేవాడు కదా, మీలో ఎవరి ఫోన్లోనైనా ఒక్క తిట్టు ఉంటే పంపండి. ఈసారి తమాషా కాదు.