జాగున్న ఇల్లు

‘ఆంప్లియా’ అని ఆ అమ్మాయి ఫోన్లో తడుముకోకుండా చెప్పేసింది.

వికారాబాద్‌లో రైలెక్కిన నాకు ఎదుటి సీట్లో కూర్చున్న తల్లీకూతుళ్లు వాళ్లు. బషీరాబాద్ దగ్గర గొర్రెలు కాచుకునే కుటుంబం. అమ్మాయి కాలేజీలో స్పానిష్ నేర్చుకుందట. ఆ భాష వచ్చినవాళ్లకు హైదరాబాద్‌లో ఉద్యోగమట, ఇంటర్వ్యూ ఫోన్లోనే. మీ ఇంటి గురించి చెప్పమంటే ఏమనాలా అని అమ్మాయి అంతకుముందే తర్జనభర్జన పడింది. గ్రాందే అంటే పెద్దది, ఆంప్లియా అంటే చోటున్నది.

“పెద్దదని చెప్పు బిడ్డా, ఆళ్లొచ్చి చూస్తరా?” అంది తల్లి అప్పుడే.

ఫోన్ పెట్టేశాక అడిగింది. “చెప్పినవా పెద్దదని?”

“రెండర్రల ఇల్లు పెద్దదెట్లయితదమ్మా? జాగున్నదని చెప్పిన. వానకు గొర్రెపిల్లల్ని లోపలికి తెస్తే, జర సర్దుకొని అందరం పండుకుంటలేమా?”

“అయ్యో, పోయిన వానకాలం నీ పుస్తకాల మీద గూడ పన్నయి గదనే!” తల్లి పగలబడి నవ్వి, విన్నారా అన్నట్టు పెట్టెలో అందరివైపూ తలెత్తి చూసింది.

అప్పటినుంచి ఎవరి ఇల్లయినా ‘పెద్దది’ అని రాయబోతే నా చేయి కాస్త ఆగుతుంది.

తాండూరులో దిగి వాళ్లు బషీరాబాద్ ఆటో ఎక్కారు. ఫలితం తర్వాత చెబుతామన్నారట కంపెనీవాళ్లు. ఆ ఉద్యోగం ఆ అమ్మాయికి వచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.