పక్కింటి ఆపా, మా ఏసీ నీళ్ళు

మా పక్కింటి ఆపా పోయింది. ఈ నెల మొదటి వారంలో ఒక పొద్దున కాఫీ గ్లాసు పట్టుకొని పెరటి గోడ దగ్గరికి పోతే, ఆమె ఉండాల్సిన చోట ఆమె కోడలు నిలబడి ఉంది. "టీచరమ్మా, అత్తమ్మ పోయిందమ్మా. నమాజుకు లేపుదామని పోతే లేయలేదు" అనింది. ఏడుపు ఇంకా గొంతులోకి రాలేదు ఆ పిల్లకు. నేను "జ్వరమేమన్నా వచ్చిందా?" అని అడిగినాను. పోయిన మనిషి జ్వరంతో పనేముంది? ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. కారణం అడగకుండా దేన్నీ ఒప్పుకోలేని రోగం నాది.

ఆమె నాకంటే రెండేళ్ళు చిన్నది. అయినా వీధంతా ఉర్దూలో అక్కా అన్నట్టు ఆపా అంటాంటే నేనూ ఆపా అనే అన్నాను. ప్రొద్దుటూరులో మా రెండిళ్ళ మధ్య ఉన్నది రొమ్మెత్తు గోడ. ఇరవై రెండేళ్ళు ఆ గోడకు అటొకరం ఇటొకరం నిలబడి మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడినారు అంత, అని మా ఇంటాయన ఇప్పటికీ అడుగుతాడు. ఈ పొద్దు ఏం కూర, గాలి యాణ్ణించి వస్తాంది, మబ్బు నిలబడతాదా పోతాదా, కరేపాకు చిగురేసిందా లేదా. ఊళ్ళోవాళ్ళ సంగతులు మాట్లాడలేదని బడాయి చెప్పను. మాట్లాడినాం. కానీ వాతావరణం అయినాకనే.

ఆమె చదివింది నాలుగో తరగతి. అడిగే ప్రశ్నలు మాత్రం వేరే. "టీచరమ్మా, మబ్బు అన్ని నీళ్ళు మోస్తాంది గదా, కింద పడదేం?" ఇంకో రోజు, "మల్లె మాపటేళ విచ్చుకుంటాది. పొద్దున విచ్చుకుంటే దానికేం పోయింది?" తోచింది చెప్తే ఊరుకునేది కాదు. "అది నువ్వు ఇప్పుడు కల్పించి చెప్తాండావు. పుస్తకం చూసి రేపు చెప్పు" అనేది. రిటైరైనాక కూడా నాతో పాఠం సిద్ధం చేయించిన మనిషి ఆమె ఒక్కతే. బడి తనిఖీకి వచ్చిన అధికారులు కూడా నన్నంత సతాయించలేదు.

వాన కనిపెట్టడంలో మాత్రం ఆమెకు నా పాఠాలతో పనిలేదు. వాళ్ళ మిద్దె మీదికెక్కితే బస్టాండుకు పోయే రోడ్డు కనిపిస్తాది. వడియాలో మిరపకాయలో ఆరబోస్తా వచ్చే బస్సుల నెత్తులు చూసేది. జమ్మలమడుగు బస్సు టాపు తడిసొస్తే ఒక లెక్క, మైదుకూరు బస్సు తడిసొస్తే ఇంకో లెక్క. పులివెందుల బస్సు తడిసొచ్చినా నమ్మేది కాదు. "ఆ వాన ఆణ్ణే అయిపోతాది, మన దాకా రాదు" అనేది. ఒకసారి నేను ఫోను చూపించి, "ఈ పొద్దు వాన లేదంట ఆపా, ఇదో" అన్నాను. ఆమె ఫోను వంక కూడా చూడలేదు. "నీ ఫోను కుర్చీలో కూర్చోని చెప్తాంది. బస్సు పోయి చూసొచ్చింది" అని వడియాలు ఎత్తడం మొదలుపెట్టింది. అర్ధగంటకు నా మిరపకాయలు తడిసినాయి. ఆమె వడియాలు తడవలేదు. ఆ సంగతి నాలుగు రోజులు గోడ మీదుగా గుర్తుచేసింది.

చెట్ల విషయంలో కూడా ఆమెదే పైచేయి. నాలుగైదేళ్ళుగా మా వీధి బోరునీళ్ళు ఉప్పెక్కినాయి. నీళ్ళు పోస్తే కుండీల్లో మట్టి మీద తెల్లగా పొర కడతాది, ఆకుల అంచులు మాడిపోతాయి. వీధిలో అందరి చెట్లూ ఎండినాయి, ఆమెవి తప్ప. రెండు సిమెంటు తొట్లలో మల్లెలు, ఒక గులాబి, కరేపాకు, అన్నీ నిగనిగలాడేవి. నేను పుస్తకాలు చదివి పెంచిన మందారం మాత్రం నా కళ్ళముందే చచ్చింది. "ఏం చేస్తాండావు ఆపా? నాకూ చెప్పు" అని ఎన్నిసార్లు అడిగినానో. "నువ్వే కనిపెట్టు. సైన్సు టీచరువి గదా" అనేది. ఇంకా గట్టిగా అడిగితే, "నీ నోటికి బడిపిల్లోళ్ళే జడుసుకుంటాండ్రి, ఆకెంత!" అని నవ్వేది.

పోయిన ఎండాకాలంలో నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు చెప్పాల. ఒక పొద్దు మిరపకాయలు ఎత్తడానికి మా మిద్దె ఎక్కి కిందికి చూస్తే, మా ఏసీ పైపు నుంచి నీళ్ళు గోడ అవతల వాళ్ళ పెరట్లోకి కారుతాండాయి. కింద, మా పక్కనుంచి కనపడని మూలన, ఒక నీలం బకెట్టు పెట్టి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. మా నీళ్ళు వాళ్ళ పెరడంతా బురద చేస్తాంటే, పాపం నోరు తెరిచి చెప్పలేక బకెట్టు పెట్టుకుందే అనుకున్నాను. మరుసటి రోజే ఏసీ మెకానిక్కును పిలిపించి పైపు మా పక్కకు తిప్పించినాను. గోడ దగ్గరికి పోయి గొప్పగా చెప్పినాను కూడా. "ఇంక మీ పక్క తడవదులే ఆపా. ఇన్నాళ్ళూ చెప్పకూడదా?"

ఆమె "మంచిది టీచరమ్మా" అనింది. తర్వాత పడమటి గాలి సంగతి ఎత్తింది.

ఆ ఎండాకాలం ఆమె గులాబి ఎండిపోయింది. ఒక తొట్టిలో మల్లె కూడా పోయింది. నేను ఆకు తెప్పించుకొని భూతద్దంలో చూసి, "ఉప్పెక్కింది" అని తేల్చి చెప్పినాను. ఎరువుల మీద పాఠం కూడా చెప్పినాను. ఆమె తల ఊపుతా వినింది. మధ్యమధ్యలో ఒకటే అడిగేది: "నీ చెట్లు ఎట్లుండాయి టీచరమ్మా? చిగురు పెడతాండాయా?" చచ్చిన మందారం సంగతి తెలిసి ఎగతాళి చేస్తాందనుకున్నాను. "నా చెట్లతో నీకేంది, నీవి చూసుకో" అని రెండుసార్లు కసిరినాను కూడా.

మూడో రోజు, పోయినోళ్ళ కోసం చేసే జియారత్‌కు పోయినాను. ఖురాన్ చదవడమంతా అయినాక కోడలు నన్ను పెరట్లోకి తీసుకపోయింది. మిగిలిన ఒక్క మల్లె కూడా కిందినుంచి ఎండుకుంటా వస్తాంది.

"మీ ఏసీ నీళ్ళతోనే పెంచేది అత్తమ్మ. వాటిల్లో ఉప్పుండదంట గదా. చలికాలం కోసం వాననీళ్ళు డ్రమ్ముకు పట్టి పెట్టుకునేది. ఈ ఏడు వానల్లేక అవీ లేకపాయె" అనింది.

నేను గట్టిగా అరిచినాను. "అడగొచ్చు గదా! నేనేమన్నా పరాయిదాన్నా?"

"నేనూ అదే అన్నానమ్మా. అడుగు పో అత్తా అంటే వద్దనింది. 'ఇన్నాళ్ళకు టీచరమ్మ కనిపెట్టింది. ఆమె చెట్లకు పోసుకోనీ. మందారం పోయిందని శానా బాధపడింది' అనింది."

కనిపెట్టినాననుకుంది! నా చెట్ల కోసమే పైపు తిప్పుకున్నానని నమ్మింది. తన గులాబి ఎండుతాంటే నా పెరట్లో చిగుర్ల కోసం గోడ మీదుగా తొంగి చూసింది. ఆ నీళ్ళేమో మా పక్క మోరీలో కలిసిపోయినాయి, ఒక ఎండాకాలమంతా. ఏసీలో పడేది గాలిలోని తేమ అని, అందులో ఉప్పుండదని పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని. నాకు బురదే కనిపించింది.

"మీరు చదువుకున్నోళ్ళు, దీన్ని తీసుకపోయి బతికించండి" అని కోడలు తొట్టి పట్టుకుంది.

"నా చేతికొస్తే పది రోజులు కూడా బతకదు. ఆణ్ణే ఉండనీ" అన్నాను.

మరుసటి రోజు మెకానిక్కు వచ్చి పైపును మళ్ళీ ఆ పక్కకు తిప్పినాడు. "టీచరమ్మా, చలికాలంలో ఏసీ పని చెప్పింది ఊరు మొత్తం మీద మీరొక్కరే" అన్నాడు. నీ పని నువ్వు చూసుకో అన్నాను.

చలికాలం గాలిలో తేమ తక్కువ. గంటసేపు నడిపినా గ్లాసెడు నీళ్ళు రావు. అది నాకు బాగా తెలుసు. అయినా ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఏసీ వేస్తాను. మా ఇంటాయన చెవులకు మఫ్లరు చుట్టుకొని, దుప్పటి మెడదాకా లాక్కొని, "ఏందే ఇది, చలికి ఏసీ?" అని గొణుగుతాడు. ఉష్‌, అని నోటి మీద వేలు పెడతాను. ఇద్దరమూ ఊపిరి బిగబట్టుకొని వింటాం. శానాసేపటికి, గోడ అవతల, ఒక చుక్క.